కువైట్ పచ్చడి

దొరవారిసత్రం,
ఆగస్టు 4.

పుష్పక్కకు ప్రభువు నామంలో వందనాలు.

నిన్న ఫోన్లో నేను "ల్యాబ్ బాగుంది" అంటే నువ్వు "లాభం ఎవరికి?" అన్నావు. ముందు నవ్వుకున్నాను, తర్వాత ఏడుపొచ్చింది. చెవి మిషన్ ఈల వేస్తోందని బీరువాలో పడేశావట, సుశీల్ బావ చెప్పాడు. కాబట్టి ఇక ఉత్తరాలే. ఒకందుకు ఇదే మంచిది. ఈ ఇంట్లో మేడ మీద మాట్లాడితే కింద వంటింట్లో వినపడుతుంది.

ఉద్యోగం నచ్చింది. రొయ్యల గుంటల నుంచి సీసాల్లో నీళ్ళు తెస్తారు, మేం పరీక్ష చేసి చెబుతాం. నాతోపాటు ప్రత్యూష అని సంగం ఊరి అమ్మాయి చేరింది. ఇద్దరం ఒకే ఇంటి మేడ మీద చెరొక గదిలో ఉంటున్నాం. కింద ఇంటివాళ్ళు, ఇందిరమ్మ గారు, మస్తానయ్య గారు. ఊరి పక్కనే వరి పొలం ఉంది. పిల్లలు లేరు. మా ఇద్దరినీ "పాపా" అనే పిలుస్తారు.

ఇబ్బందల్లా తిండి దగ్గరే. వంటిల్లు ఒక్కటే. నాకు గోధుమ పడదని నెల్లూరులో డాక్టరు చెప్పిన దగ్గరనుంచి మైదా, రవ్వ, సేమ్యా, బిస్కెట్టు ఏదీ ముట్టడం లేదని నీకు తెలుసు. మస్తానయ్య గారికి షుగరు, రాత్రిపూట అన్నం మానిపించారు. ప్రత్యూష జంతువుల నుంచి వచ్చేది ఏదీ తినదు, ఆఖరికి పెరుగు, నెయ్యి కూడా. ఇందిరమ్మ గారు శనివారం ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. మొన్న ఆమె గరిటె కింద పెట్టేసి, "నలుగురికీ నాలుగు పొయ్యిలు పెట్టాలంటే నేను హోటలన్నా పెట్టాల, సన్యాసమన్నా పుచ్చుకోవాల" అన్నారు.

అప్పుడు నాకు నువ్వు గుర్తొచ్చావు. కువైట్ నుంచి వచ్చిన కొత్తలో శనగలు రుబ్బి ఒక ముద్దలాంటిది చేసేదానివి, రొట్టెతో అద్దుకుని తినేవాళ్ళం. అందులో పాలు లేవు, గోధుమ లేదు. ఎలా చేయాలో రాసి పంపు. అక్కడి కబుర్లు కూడా రాయి. నువ్వు ఆ ఊరి మాట ఎత్తి ఎన్నాళ్ళయిందో.

నీ చెల్లెలు,
డెబోరా

*

కోవూరు,
ఆగస్టు 12.

చెల్లెలు డెబోరాకు దీవెనలు.

దాన్ని హమ్మస్ అంటారు. పెద్ద శనగలు, తెల్లవి, ముందురోజు నానబెట్టు. వేళ్ళ మధ్య నొక్కితే వెన్నలా నలిగేదాకా ఉడికించు. నువ్వులు దోరగా వేయించి, ముందు వాటిని నూనె వదిలేదాకా మిక్సీలో తిప్పాలి. తర్వాత శనగలు, వెల్లుల్లి, ఉప్పు, నిమ్మరసం. శనగలు ఉడికిన నీళ్ళు పారబొయ్యకు, గట్టిగా ఉంటే వాటితోనే జారుగా చేసుకో. అక్కడ ఆలివ్ నూనె పోసేవాళ్ళు. మనకు నువ్వుల నూనె చాలు.

షుగరు ఆయనకు మంచిదే, శనగలు నిదానంగా అరుగుతాయి. కాని మంచిదని గిన్నెడు తినకూడదు. ఆ పాలు ముట్టని అమ్మాయికి ఇబ్బంది లేదు. వెల్లుల్లి వద్దనే రోజున మానేసినా రుచి మరీ చెడదు. నీకు మాత్రం జొన్నరొట్టె. మరిగే నీళ్ళతో పిండి కలిపి, చేత్తో తట్టి కాల్చు. అక్కడి రొట్టె గోధుమదే, దాని ఊసెత్తకు.

ఇక అసలు మాట. కలిసి తినండి, కలిసి వండుకోకండి. నీ పెనం వేరుగా పెట్టుకో. నీ రొట్టె నువ్వే కాల్చుకో. పరాయి ఇంట్లో అందరూ నవ్వుతూనే ఉంటారు. ఎవరి మనసులో ఏముందో అన్నం గిన్నెకు తెలియదు.

కువైట్ కబుర్లు ఏమున్నాయి? వండాను, తోమాను, వచ్చేశాను.

పుష్పకుమారి

*

దొరవారిసత్రం,
సెప్టెంబరు 15, ఆదివారం.

పుష్పక్కకు వందనాలు.

నీ వంట ఈ ఇంటిని కలిపేసింది. మొదటిరోజు మస్తానయ్య గారు వేలితో తీసి నాలిక్కి రాసుకుని, "ఏందిది, గోడకు పూసే సున్నంలా ఉండాదే" అన్నారు. రెండో ముద్దకు మాట లేదు. మూడో ముద్దకు దానికి కువైట్ పచ్చడి అని పేరు పెట్టేశారు. ఇప్పుడు ప్రతి సాయంత్రం చీకటి పడకముందే నలుగురం వంటింటి వసారాలో చాప వేసుకుని కూర్చుంటాం, మధ్యలో ఒకే గిన్నె. ఆయనకు రెండు పుల్కాలు, మాకు జొన్నరొట్టెలు. ప్రత్యూష దోసకాయ ముక్కలతో కూడా తింటుంది. పగటిపూట ఎవరి వంట వాళ్ళదే. నా క్యారియర్ తెల్లవారే నేనే వండుకుని పోతాను.

ఇందిరమ్మ గారు దాన్ని తన సొంతం చేసుకున్నారు. వారమంతా నీ పద్ధతే. శనివారం వెల్లుల్లి తీసేసి, నూనెలో ఇంగువ, ఎండుమిర్చి వేసి పైన పోస్తారు. ఆ వాసనకు మస్తానయ్య గారు పొలం నుంచే పరిగెత్తుకొస్తారు.

ఇంత బాగున్నా నా ఒళ్ళు బాగుండటం లేదక్కా. కడుపు ఉబ్బిపోతోంది. విరేచనాలు, వేళ్ళు తిమ్మిరి, నిలబడితే కళ్ళు తిరుగుడు. అచ్చం జబ్బేమిటో తెలియని రోజుల్లోలాగే. ఈ నెలలో రెండుసార్లు ఆదివారం పొద్దున లేవలేకపోయాను. నాయుడుపేట చర్చికి బస్సెక్కే ఓపిక కూడా లేకపోయింది. ఈరోజూ అంతే, పడుకునే రాస్తున్నాను. ఇందిరమ్మ గారు సగ్గుబియ్యం జావ తెచ్చి తల దగ్గర కూర్చున్నారు. "ఒంట్లో బాగలేనప్పుడు ఆ బస్సెక్కి అంత దూరం పోకపోతే ఏం పాపా, దేవుడు ఇంటికి రాడా?" అన్నారు.

మంచిమాటే కదా?

డెబోరా

*

కోవూరు,
సెప్టెంబరు 23.

డెబోరాకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చివరి మాట నాకు నచ్చలేదు. "మంచిమాటే కదా" అని నువ్వు నన్ను అడిగావంటే నీకే అనుమానం ఉందన్నమాట.

వారమంతా బాగుండి సరిగ్గా ఆదివారం పొద్దునే నీకు జబ్బు ఎందుకు చేస్తోంది? జబ్బుకు క్యాలెండరు తెలుసా? నువ్వు చర్చికి పోవడం వాళ్ళకు ఇష్టం లేదేమో. ఇంటి యజమానులు పైకి ఏమీ అనరు. వాళ్ళ చేతిలో వంటిల్లు ఉంది, అది చాలు.

కళ్ళు తెరిచి చూడు. ఆ మిక్సీ గిన్నె ఎవరు కడుగుతారు? ఆయన పుల్కాల పిండి ఎక్కడ కలుపుతారు? నీ రొట్టె మీద మూతకు వాడే గుడ్డ ఏది? ఎవరినీ ఏమీ అనకు. ఊరికే చూడు. మంచినీళ్ళ సీసా గదిలో పెట్టుకో.

నేను వచ్చి తీసుకుపోతానంటే నువ్వు ఒప్పుకోవు, తెలుసు. బావ నేను అతి చేస్తున్నానంటున్నాడు. మగవాళ్ళకు వంటిళ్ళ సంగతి తెలియదు.

పుష్పకుమారి

*

దొరవారిసత్రం,
అక్టోబరు 20, ఆదివారం.

అక్కా,

నువ్వు చూడమన్నావు. చూడటం మొదలుపెట్టాక ఇక ఆపలేకపోతున్నాను.

కొత్త పెనం కొన్నాను. పాత పెనం అంటుకుపోతోందని చెప్పాను. ఇందిరమ్మ గారు దాన్ని చేత్తో తడిమి, "బరువైందే తెచ్చుకున్నావు" అన్నారు. ఆ మాటలో ఏముందో ఆరోజంతా ఆలోచించాను.

మస్తానయ్య గారి గోధుమపిండి డబ్బా పెద్ద స్టీలుది, కిటికీ కింద ఉండేది. దసరా వెళ్ళిన తర్వాత చూస్తే లేదు. ఆ చోట ఉప్పు జాడీ పెట్టారు. ఆయన పుల్కాలు చేయడం కూడా నాకు కనపడటం లేదు. మాతో కూర్చుంటున్నారు గాని, పచ్చడి దోసకాయతో రెండు ముక్కలు తిని "చాల్లే, ఆకలి లేదు" అంటున్నారు. పిండిని నాకు కనపడకుండా ఎందుకు దాచాలి?

మొన్న మెట్లు దిగుతుంటే ఇందిరమ్మ గారు ప్రత్యూషతో అంటున్నారు: "ఆ పాపకు తెలియనీవాకు. తెలిసిందంటే ఇంక మన చేతి ముద్ద ముట్టదు." నా అడుగు వినపడగానే ఇద్దరూ మాట మార్చేశారు. ప్రత్యూష వాన గురించి మాట్లాడింది. బయట ఎండ కాస్తోంది అక్కా.

ప్రత్యూష సంగతి నీకు రాయలేదు. ల్యాబ్‌లో మా ఇద్దరిలో ఒకరినే పర్మినెంటు చేస్తారట. నా సెలవులు ఎక్కువయ్యాయని మేనేజరు అప్పుడే అన్నాడు. ప్రత్యూష అస్తమానం వంటింట్లో డబ్బాలు తీసి చూస్తూ ఉంటుంది. ఎందుకంటే నవ్వి, "అలవాటు" అంటుంది.

పోయిన వారం ఒక పని చేశాను. పళ్ళు నొప్పి అని చెప్పి ఏడు రోజులు ఆ గిన్నె దగ్గరికి పోలేదు. నా గదిలో అటుకులు నానబెట్టుకుని తిన్నాను. ఒళ్ళు తేలికపడింది. ఆదివారం చర్చికి కూడా వెళ్ళొచ్చాను. నిన్న శనివారం మళ్ళీ వాళ్ళతో కూర్చున్నాను. ఈరోజు మళ్ళీ మంచం మీదున్నాను.

ఇక నాకు అనుమానం లేదక్కా. ఎవరు, ఎందుకు అన్నదే తెలియాలి.

డెబోరా

*

కోవూరు,
అక్టోబరు 28.

డెబోరాకు,

వచ్చెయ్యి. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది.

రానంటే అడుగు. గొణుక్కుంటే లాభం లేదు, ఇంకెవరైనా ఉన్నప్పుడు ముఖాన అడుగు. ఒంటరిగా అడిగితే నీ మాట నీ దగ్గరే చచ్చిపోతుంది. పరాయి ఇంట్లో సాక్షి లేనివాళ్ళ మాట ఎవరూ నమ్మరు. అది నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

పుష్పకుమారి

*

దొరవారిసత్రం,
నవంబరు 19.

అక్కా,

అడిగేశాను.

కార్తీకం మొదలైన దగ్గరనుంచి ఈ ఇంట్లో నెలంతా వెల్లుల్లి లేదు, ఉల్లి లేదు. ఇందిరమ్మ గారు రోజూ తలస్నానం, దీపాలు, ఒంటిపూట. ఆ నిష్ఠ చూసి, ఈ నెలలోనైనా ఎవరి జోలికీ పోరులే అనుకున్నాను. ఈ వానల్లో హోటలుకు పోలేను, అటుకులతో ఎన్నాళ్ళు? వెళ్ళి వాళ్ళతో కూర్చున్నాను. నా జబ్బు రోజూ అయిపోయింది. జడలో వెంట్రుకలు సగం రాలిపోయాయి. చూడిదార్లు వేలాడుతున్నాయి.

నిన్న కార్తీక సోమవారం. దీపాలు వదిలి పక్కింటి ఆదిశేషమ్మ గారు, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వసారాలో కూర్చున్నారు. ఇందిరమ్మ గారు పచ్చడి గిన్నెలో వేసి నా ముందు పెట్టారు. నేను గిన్నె వెనక్కి తోశాను.

"నా తిండిలో ఏం కలుపుతున్నారండీ?" అన్నాను.

ఆమెకు ముందు అర్థం కాలేదు. "ఏముండాది పాపా, రోజూ వేసేదే కదా" అన్నారు.

"పిండి డబ్బా ఎందుకు దాచారు? నాకు తెలియకూడదని ప్రత్యూషతో ఎందుకు చెప్పారు? నేను ఆదివారం చర్చికి పోకూడదనా?"

ఆదిశేషమ్మ గారు నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఏందమ్మే ఇందిరా, మందు గాని పెట్టినావా ఆ పిల్లకి?" అంది. అక్కా, నేను ఆ మాట అనలేదు. కాని కాదని కూడా అనలేదు.

మస్తానయ్య గారు లేచి నిలబడ్డారు. "డబ్బా దాచింది నిజమే. దసరా అయిన కాడ్నించి ఈ ఇంట్లో గోధుమపిండి లేదు పాపా. నీకు పడదని, ఆ దుమ్ము కూడా తగలకూడదని ఈయమ్మే తీసి ఆదిశేషమ్మకు ఇచ్చేసింది. అడుగు, ఈడనే ఉండాది కదా. నేను బస్టాండు కాడ చపాతీ తిని, చేతులు కడుక్కుని ఇంట్లోకి వస్తుండా. ఆయనకి లేకుండా చేసినానే అని నువ్వు బాధపడతావని, మళ్ళీ ఇంక మాతో తినవని చెప్పొద్దన్యాది."

ఆదిశేషమ్మ గారు అవునన్నట్టు తల ఊపింది. కాని ఆమె కళ్ళు ఇందిరమ్మ గారి చేతుల మీదే ఉన్నాయి.

ఇందిరమ్మ గారు పంపు దగ్గరికి పోయి చేతులు మోచేతుల దాకా కడుక్కున్నారు, ఏదో అంటుకున్నట్టు. తర్వాత నా వైపు చూడకుండా, "నీ వంట నువ్వు చేసుకో పాపా. నీ గిన్నె నేనింక ముట్టను" అన్నారు.

అక్కా, నాకు ఏడుపు రాలేదు. భయమేసింది. గోధుమ లేని ఇంట్లో నాకు గోధుమ జబ్బు ఎలా వస్తోంది? ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు. ప్రత్యూష ఆ సేపంతా గోడకానుకుని నిలబడి నన్నే చూస్తోంది. అది జాలా, ఇంకేమైనానా, నాకు తెలియడం లేదు.

డెబోరా

*

కోవూరు,
నవంబరు 26.

నా చెల్లెలు డెబోరాకు,

నీ ఉత్తరం వచ్చిన రోజు వంట చేయలేదు. బావ బయటి నుంచి ఇడ్లీలు తెచ్చాడు. నువ్వు ఎప్పుడూ అడిగేదానివి, కువైట్ నుంచి ఒప్పందం మధ్యలోనే ఎందుకు వచ్చేశావని. చెవులు పాడయ్యాయని చెప్పాను. చెవులు తర్వాత పాడయ్యాయి.

ఆ ఇంట్లో ఒక ముసలామె ఉండేది, యజమాని తల్లి. నన్ను పేరుపెట్టి పిలిచింది ఆమె ఒక్కతే. ఆమెకు పళ్ళు లేవని హమ్మస్ మెత్తగా, జారుగా చేసిపెట్టేదాన్ని. ఒకరోజు అది తిన్న తర్వాత ఆమెకు వాంతులయ్యాయి, స్పృహ తప్పింది. ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇంటికొచ్చి నన్ను హాల్లో నిలబెట్టారు. నా పెట్టె తెచ్చి పిల్లల ముందు బోర్లించారు. నా లంగాలు, నా జాకెట్లు. తలనొప్పి మందు వాసన చూశారు. మన పాస్టరు గారు ప్రార్థన చేసి ఇచ్చిన నూనె సీసా ఉంది కదా, దాన్ని వెలుతురుకు ఎత్తి, "ఇదేనా?" అన్నారు. అది ప్రార్థన నూనె అని అరబ్బీలో ఎలా చెప్పాలో నాకు రాలేదు. చేతులు జోడించి చూపించాను. మంత్రం అనుకున్నారు.

నాలుగేళ్ళు నా చేతి వంట తిన్న పిల్లలు నా నుంచి రెండడుగులు వెనక్కి జరిగారు. నాకు ఇప్పటికీ గుర్తున్నది అదే. తిట్టినవాళ్ళ ముఖాలు మర్చిపోయాను.

రెండు రోజుల్లో విమానం ఎక్కించారు. ఆ ముసలామెకు ఏమైందో, దేనివల్ల అయిందో నాకు తెలియదు. ఇప్పుడు అడగడానికి కూడా ఎవరూ లేరు.

అందుకే నేను నీకు జాగ్రత్త చెప్పాననుకున్నాను. కాదమ్మా. నన్ను అనుమానించిన వాళ్ళ చూపు నాలోకి వచ్చేసింది. అదే నీకు నేర్పాను. ఆ ఇందిరమ్మను నేను చూడలేదు గాని, మోచేతుల దాకా చేతులు కడుక్కుందని రాశావే, ఆ చేతులు నాకు బాగా తెలుసు.

ఈ ఉత్తరం అందగానే కిందికి వెళ్ళు. ఆమె కలిపిందో లేదో తేలేదాకా ఆగకు. తేలిన తర్వాత అడిగే క్షమాపణకు విలువ తక్కువ.

పుష్పకుమారి

*

దొరవారిసత్రం,
డిసెంబరు 9.

అక్కా,

నీ ఉత్తరం చదివి మెట్ల దాకా వెళ్ళాను. దిగలేదు. ఇంకొంచెం ఆధారం దొరకనీ, అప్పుడు అడుగుదాం అనుకున్నాను. నువ్వు వద్దన్నదే చేశాను.

ఆధారం దొరికింది. తెచ్చింది ప్రత్యూష.

ఇందిరమ్మ గారు వంట మానేశాక సాయంత్రాలు వాళ్ళకోసం ప్రత్యూషే పచ్చడి చేస్తోంది. దానికి ప్రతి డబ్బా, ప్రతి పొట్లం మీద చిన్న అక్షరాలు చదివే అలవాటు, పాలపొడి కలిసిందేమోనని. నేను అనుమానించిన డబ్బాలు చూసే పని అదే అక్కా. ఇంగువ డబ్బా ఇదివరకు దాని చేతికి రాలేదు. ఇందిరమ్మ గారు మడి సామాన్లతో పాటు విడిగా పెట్టుకునేవారు. బుధవారం నా తలుపు దబదబా కొట్టింది. చేతిలో ఆ డబ్బా, కళ్ళల్లో నీళ్ళు.

"డెబోరా, ఇది చదువు. ఇంగువ పేరు కంటే ముందు గోధుమపిండి పేరుంది" అంది.

బజార్లో దొరికే ఇంగువ పొడి చాలావరకు పిండి కలిపిందేనట. ఉత్త ఇంగువ ఘాటు తట్టుకోలేమని కలుపుతారట. డాక్టరు చెప్పినవాటిలో ఇంగువ లేదు, నేనూ అడగలేదు. శనివారం వెల్లుల్లి బదులు ఇంగువ, ఆదివారం నాకు జబ్బు. కార్తీకమంతా వెల్లుల్లి లేదు కాబట్టి రోజూ ఇంగువ, రోజూ జబ్బు. ఆమె తన నియమం తప్పకుండా, నాకు రుచి తగ్గకుండా పోసిన పోపు అది. వేరే ఏమీ లేదు. ఎవరూ లేరు.

అప్పుడు దిగాను అక్కా. ఆమె వసారాలో చిక్కుడుకాయలు వలుస్తున్నారు. కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఏడ్చాను. ఆమె కాయలు వలవడం ఆపలేదు. అంతా విని, "డబ్బా మీద రాసుండాది కాబట్టి వచ్చినావు పాపా. రాసి లేకపోయుంటే?" అన్నారు.

తర్వాత ప్రత్యూష చెప్పింది. ప్రతి ఏడూ కార్తీక వనభోజనాలకు ఈ వీధికంతా పులిహోర ఇందిరమ్మ గారే కలుపుతారట. ఈసారి ఆమెను ఎవరూ పిలవలేదు. ఆదిశేషమ్మ గారు నాయుడుపేట నుంచి వంటమనిషిని మాట్లాడిందట. మస్తానయ్య గారు ఆ రోజు పొలానికి పోయి చీకటి పడ్డాక వచ్చారట. నేను మేడ మీదే ఉన్నాను అక్కా, నా జబ్బు, నా అనుమానం తప్ప నాకేమీ తెలియలేదు.

డబ్బా తీసుకుని ఆదిశేషమ్మ గారి ఇంటికి వెళ్ళాను. మిగతా ఇద్దరి ఇళ్ళకు కూడా. వాళ్ళ గుమ్మాల్లో నిలబడి చదివి వినిపించాను. ఆదిశేషమ్మ గారు, "ఇంగువకే ఇంత రచ్చ చేస్తివే తల్లీ" అంది. "మందు మాట మీరన్నారు" అనబోయి ఆగాను. ఆ రోజు కాదనకుండా నోరు మూసుకుని నేను కూడా అన్నట్టే కదా.

శనివారం నుంచి ఆమె మళ్ళీ వంటింట్లోకి వచ్చారు. వెల్లుల్లి లేని రోజున ఇప్పుడు అల్లం, వేయించిన జీలకర్ర వేస్తున్నారు. నా ఒళ్ళు కుదుటపడుతోంది. కాని ఒక్కటి భరించలేకపోతున్నాను. గిన్నె నా ముందు పెట్టే ముందు ఆమె అందులోంచి ఒక ముద్ద తీసుకుని, నాకు కనపడేలా తింటున్నారు. మింగి, కాసేపు ఆగి, అప్పుడు నా వైపు జరుపుతున్నారు. కోపంగా కాదు. ఎత్తిపొడుపు కూడా కాదు. మందు ఇచ్చే నర్సులా, అదొక పని అన్నట్టు.

మస్తానయ్య గారు తల వంచుకుంటారు. ప్రత్యూష దోసకాయ తరుగుతున్నట్టు నటిస్తుంది. "వద్దండీ" అని రెండుసార్లు అన్నాను. "ఉండనీ పాపా, నీకూ మంచిది, నాకూ మంచిది" అంటారు.

దీన్ని ఎలా ఆపాలి అక్కా?

డెబోరా

*

కోవూరు,
డిసెంబరు 16.

డెబోరాకు,

మాటతో ఆగదు. మాట మీద ఆమెకు నమ్మకం పోయింది, పోగొట్టింది మనమిద్దరమే.

ఆమెను ఆపమని అడగకు. ఆమె చెయ్యి గిన్నెలోకి వెళ్ళేలోపు నీ చెయ్యి వెళ్ళాలి. అంతే.

ఒకసారి చేసి ఊరుకుంటే అది ప్రాయశ్చిత్తంలా కనపడుతుంది. రోజూ చెయ్యి. ఆమె మర్చిపోయేదాకా చెయ్యి.

చెవి మిషన్ బీరువాలోంచి తీశాను. ఈల వేస్తూనే ఉంది. క్రిస్మస్ ఆరాధన అయ్యాక బావా నేనూ అక్కడికి వస్తున్నాం. నేను వంట చేయను, ఆమె చేతి వంట తింటానని చెప్పు.

పుష్పకుమారి

*

దొరవారిసత్రం,
డిసెంబరు 22, ఆదివారం.

పుష్పక్కకు వందనాలు.

మొదటిరోజు చెయ్యి ముందుకు పెట్టాను గాని ఆమె నాకంటే వేగంగా ఉన్నారు. రెండోరోజు ఇద్దరి వేళ్ళూ గిన్నె అంచున తగిలాయి. ఆమె తన చెయ్యి వెనక్కి తీసుకుని, నేను ముద్ద తీసుకునే ముందే మళ్ళీ పెట్టారు. మస్తానయ్య గారు, "ఏంది ఇద్దరూ గుద్దులాడుకుంటుండారు" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

నిన్న శనివారం. ఆమె మిక్సీ గిన్నెలోంచి పచ్చడి తీస్తున్నారు, ఇంకా నిమ్మకాయ పిండలేదు, పోపు పడలేదు. నేను వెనకనుంచి వెళ్ళి గరిటెకు అంటుకున్నది వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాను. ఆమె తిరిగి నా నోటి వంక చూశారు. నేను మింగేదాకా ఆగారు. ఆమె కళ్ళల్లో ఏముందో కనిపెట్టాలని నేను చూడలేదు అక్కా. ఈ నాలుగు నెలల్లో ఒకరి ముఖంలో ఏముందా అని వెతకకుండా నిలబడటం అదే మొదలు.

"ఉప్పు సరిపోయిందా?" అన్నారు.

"కొంచెం తగ్గింది" అన్నాను.

ఆమె రుచి చూడకుండానే ఉప్పు వేశారు.

డెబోరా